దులుపుళ్ల పండగ

మా ఆఫీసుకు సంస్కృతి ఒక సోమవారం నాడు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది.

మాది రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థ, ఉత్తర ప్రాంతీయ కార్యాలయం. విజయనగరం నుంచి పాలకొండ వెళ్లే రోడ్డు పక్కన, ఒకప్పటి బియ్యం గోదాములో ఉంటుంది. సిబ్బంది ఇరవై ముగ్గురం. గోనె నేసే నార కోసం గోగు పండించే రైతులకు గుర్తింపు కార్డులు ఇవ్వడం, ఆ కార్డుల్లో పడిన తప్పులు దిద్దడం మా విధులు. మొదటి విధిని మేమే నిర్వహిస్తాం గనక రెండోదానికి ఏనాడూ కొరత రాలేదు. నా పేరు కామేశం. రికార్డు విభాగంలో సీనియర్ అసిస్టెంటుని.

వచ్చిన కవరులో ప్రధాన కార్యాలయం వారి సర్క్యులర్ ఉంది. సిబ్బందిలో ఎవరిది ఏ సంస్కృతో తెలుసుకుని, వారి వారి పండగలను ఆఫీసులో అందరూ కలిసి జరుపుకోవాలనీ, లోకంలో ఉన్న అవగాహన దినాలన్నీ పాటించాలనీ, పాటించినట్టు ఫొటోలు పంపాలనీ అందులో రాశారు.

నిజం చెప్పాలంటే మొదట్లో బాగానే ఉండేది. స్టోర్సులో మాధవన్ గారు పద్దెనిమిదేళ్లుగా మాతో పనిచేస్తున్నారు. ఆయనకు ఓణం అనే పండగ ఒకటుందని మాకు ఆ ఏడాదే తెలిసింది. అరిటాకుల్లో పదకొండు రకాలు వడ్డించి, మేం తింటూ ఉంటే పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నారాయన. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదండీ" అన్నారు. అక్కడితో ఆగి ఉంటే నేను రాయవలసింది ఏమీ ఉండేది కాదు.

ఆగలేదు. ఏ ఆఫీసు ఎన్ని దినాలు గుర్తించిందో నెలనెలా ఒక పట్టిక ప్రకటించడం మొదలుపెట్టారు పైవాళ్లు. మొదటి పట్టికలో మాది కింది నుంచి మూడో స్థానం. మా ప్రాంతీయ అధికారి ముక్కామల శేషశయనం గారికి ఆ మధ్యాహ్నం భోజనం సయించలేదు. క్యారియర్ మూత పెట్టేసి అందరినీ హాల్లోకి పిలిచారు.

"సాంస్కృతిక వైవిధ్య గుర్తింపులో మన కార్యాలయపు వెనుకబాటుతనం అత్యంత శోచనీయం," అన్నారు. "ఇకపై ఏ దినమూ వట్టి దినం కారాదు. క్యాలెండరులో ఏ గడి ఖాళీగా కనిపించినా సంబంధిత విభాగం వారు సంజాయిషీ సమర్పించుకోవలసి ఉంటుంది."

ఆనాటి నుంచి మాకు వట్టి దినం లేదు. నిద్ర దినం నాడు రెండింటి నుంచి నాలుగింటి దాకా అందరం బల్లల మీద తలలు వాల్చాం. ఫొటో తీయడం తప్ప అందులో మాకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ కనిపించలేదు. ఎడమచేతివాటం వారి దినం నాడు అందరూ ఎడమ చేత్తోనే రాయాలని ఆర్డరు. ఆ రోజు జారీ చేసిన పదహారు పత్రాలు ఏ భాషలో ఉన్నాయో ఇంకా తేలలేదు. చిరునవ్వు దినం నాడు మాత్రం అర్జీలు పట్టుకొచ్చిన రైతులందరినీ చిరునవ్వుతో వెనక్కి పంపాం.

అలా వెనక్కి వెళ్లేవాళ్లలో పడాల గున్నయ్య ఒకడు. అరవై దాటిన మనిషి. ఆయన కార్డు మీద మా వాళ్లు 'పడాల గున్నమ్మ' అని అచ్చు వేశారు. కొనుగోలు కేంద్రం వాళ్లు "ఆవిడనే తీసుకురా, అప్పుడు నార కొంటాం" అన్నారు. గున్నయ్య భార్య పేరు కన్నమ్మ. లేని గున్నమ్మను ఎక్కడి నుంచి తెస్తాడు? ఏడు నెలలుగా మా ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. ఈలోగా కొత్త పంట కూడా చేతికొచ్చింది. నానబెట్టి, ఒలిచి, ఎండబెట్టిన గోగునార ఇంటి ముందు బరకం కింద పడి ఉంది. పైన మబ్బులు తిరుగుతున్నాయి. తడిస్తే నల్లబడుతుంది. నల్లబడ్డ నారను గున్నమ్మే స్వయంగా వచ్చినా ఎవరూ కొనరు.

అర్జీలు తీసుకునే సీటు పోలినాయుడిది. బెవర పోలినాయుడు, మా అందరిలోకీ జూనియర్. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. మంచి కుర్రాడు, కానీ ఆ సీటులో కూర్చున్నవాడు చెప్పవలసిన మాటలు రెండే: 'లేదు', 'రేపు రా'. గున్నయ్యది వాళ్ల పక్క ఊరే. ఆయన వచ్చినప్పుడల్లా నాయుడు తల వంచుకుని ఆ రెండు మాటలూ చెప్పేవాడు.

అంతలో ఏడో నంబరు ఫారం వచ్చింది. ప్రతి ఉద్యోగీ తన సంస్కృతికి చెందిన పండగ ఒకటి రాసివ్వాలి. ఒకరు రాసింది మరొకరు రాయకూడదు. శేషశయనం గారు సీనియారిటీ ప్రకారం పిలిచారు. ఆయన ఉగాది తీసుకున్నారు. నాకు దీపావళి దక్కింది. టైపిస్టు ఎస్తేరు రాణి గారు క్రిస్మస్ రాశారు, సత్తార్ గారు రంజాన్ రాశారు. కిందికి వస్తున్నకొద్దీ పండగలు పలచబడ్డాయి. అట్లతద్దిని మా జీపు డ్రైవరు తీసుకున్నాడు. పోలినాయుడి వంతు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. వాళ్ల ఊరి అమ్మవారి జాతర రాద్దామంటే, ఆ ఊరివాడే అయిన వాచ్‌మన్ అప్పటికే దాన్ని రాసేశాడు. నాయుడు ఖాళీ ఫారమే ఇచ్చాడు.

శేషశయనం గారు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తారు. "ఏమయ్యా, ఇదేమిటి?"

"నాకంటూ వేరే పండగేటీ లేదు సార్. అందరివీ చేసుకుంటాం."

"శూన్య సంస్కృతి అనే వర్గం ఈ ఫారంలో లేదు. సంస్కృతి లేని మానవుడు ఉండడు. ఉన్నాడనుకో, అతడు సిబ్బందిగా కొనసాగుటకు అర్హుడా కాదా అన్నది పరిశీలించవలసి వస్తుంది. నీ ప్రొబేషన్ ఎంతవరకు వచ్చింది?"

"ఆరు నెలలుంది సార్."

"సాయంత్రం అయిదు లోగా నీ సంస్కృతి నా బల్ల మీద ఉండాలి."

నాయుడు సీటుకొచ్చి కూర్చున్నాడు. నా బల్ల పక్కనే అతని బల్ల. ఫారం ముందు పెట్టుకుని కలం మూత తీయడం, పెట్టడం, తీయడం. నాలుగున్నరకు గున్నయ్య వచ్చాడు. బయట చినుకులు పడుతున్నట్టున్నాయి, తల మీద గోనెసంచి కప్పుకున్నాడు.

"బాబూ, మా గున్నమ్మ మగోడయినాడా?"

"లేదు తాతా," అన్నాడు నాయుడు ఫారం మీంచి తలెత్తకుండా. "రేపు రా."

"అలగే బాబూ." గున్నయ్య గుమ్మం దగ్గర నిలబడి సంచి తీసి, రెండు చేతులా పట్టుకుని బలంగా దులిపాడు. మళ్లీ తల మీద వేసుకుని మెట్లు దిగిపోయాడు.

నాయుడు ఆ గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గబగబా రాయడం మొదలుపెట్టాడు. నేను తొంగి చూశాను. పండగ పేరు: దులుపుళ్ల పండగ. తిథి: మార్గశిర బహుళ తదియ. ఆచారం: గోనెసంచులన్నీ బయటికి తెచ్చి దులపవలెను. వేషం: తలకు తువ్వాలు. నైవేద్యం: చోడి అంబలి, ఉల్లిపాయ. ఈ రాగి అంబలీ, ఉల్లిపాయా ఆ పూట అతను క్యారియర్లో తెచ్చుకున్నవే. ఆఖరున 'నిషేధాలు' అని ఒక గడి ఉంది. దాని దగ్గర కాసేపు ఆగి ఇలా రాశాడు: ఆ దినమున ఎవరు వచ్చి ఏమి అడిగినను లేదు అనరాదు. రేపు రా అనరాదు.

"ఈ పండగ ఎక్కడిది నాయుడూ?" అన్నాను.

"ఇక్కడిదే కామేశం గారూ. ఇప్పుడే."

అతను అనుకున్నది ఒక్కటే. ఫారం ఏదో ఫైల్లోకి వెళుతుంది, ఫైలు నా రికార్డు గదిలో ఏదో సంచిలోకి వెళుతుంది, ప్రొబేషన్ గట్టెక్కుతుంది. మా ఆఫీసు మీద అతనికి ఉన్న నమ్మకం అలాంటిది. కానీ శేషశయనం గారు ఆ ఫారం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారట.

"మన సంస్థ ఉత్పత్తికీ నీ సంస్కృతికీ ఇంతటి అవినాభావ సంబంధం ఉండగా, ఇన్నాళ్లూ దాచి ఉంచావే!" అని నాయుడి భుజం తట్టి, అదే పోస్టులో ప్రధాన కార్యాలయానికి పంపించారు.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. గోనెసంచుల సంస్థకు గోనెసంచుల పండగ దొరకడం చారిత్రకమని, దాని ప్రాచీనత నిర్ధారణకు ఒక పండితుడిని పంపుతున్నామని. ఆ పండితుడు, ఆచార్య నరహరి గారు, మూడు రోజులు మా ఆఫీసులోనే మకాం వేశారు. ఎర్రటి శాలువా, చేతిలో రికార్డు చేసే యంత్రం.

"ఈ పండుగ ఎంత ప్రాచీనమైనది నాయనా?" అని అడిగారు.

నాయుడికి భయం వేసింది. నిజం చెప్పేద్దామనుకున్నాడు. "ప్రాచీనం ఏటీ లేదు సార్. ఇది నేను మొన్న రాసినాను."

ఆచార్యుల వారు కళ్లు మూసుకుని తల పంకించారు. "సహజం. తరతరాల మౌఖిక సంప్రదాయం నీ ద్వారా మొన్న లిఖిత రూపం దాల్చింది. అంతకు పూర్వం ఎవరైనా రాశారా?"

"లేదు సార్. ఎవరికీ తెలీదు."

"అతి గోప్యంగా కాపాడుకున్నారన్నమాట," అని రాసుకున్నారు.

ఆయన నివేదిక నలభై పేజీలు వచ్చింది. సంచి దేహమనీ, ధూళి అజ్ఞానమనీ, ఉల్లిపాయ పొరలు జన్మపరంపర అనీ అందులో ఉంది. అంబలి గురించి మాత్రం మరింత పరిశోధన అవసరమన్నారు. మార్గశిర బహుళ తదియను సంస్థ అంతటా సాంస్కృతిక దినంగా పాటించాలనీ, ప్రధాన ఉత్సవం మా ఆఫీసులోనే జరగాలనీ, మేనేజింగ్ డైరెక్టర్ గారు స్వయంగా వస్తారనీ ఆర్డరు వెలువడింది. ఆచారాలన్నీ, నిషేధాలతో సహా, తు.చ. తప్పకుండా పాటించవలెను, ఉల్లంఘన శిక్షార్హం.

నాయుడికి నిద్ర కరువైంది. చివరికి ఒక తెల్లకాగితం మీద నిజం అంతా రాసి, సంతకం పెట్టి, శేషశయనం గారి చేతికిచ్చాడు. ఆయన అది చదివి కళ్లజోడు తీశారు. ఎస్తేరు రాణి గారు డిక్టేషన్ తీసుకుంటూ అక్కడే ఉన్నారు. తర్వాత జరిగింది ఆవిడ చెప్పగా విన్నదే.

"పోలినాయుడూ, ఒక ప్రాచీన పండుగను బూటకమని రాశావు. దీనివల్ల ఆ పండుగను ఆచరించే వర్గం వారి మనోభావాలు ఎంతగా గాయపడతాయో ఆలోచించావా?"

"ఆ వర్గం వాళ్లు ఎవరున్నారు సార్?"

"నువ్వున్నావుగా. ప్రస్తుతానికి నువ్వొక్కడివే. అంత చిన్న వర్గం కాబట్టే మరింత సున్నితంగా వ్యవహరించాలని నియమావళి చెబుతోంది. నీ మనోభావాలను నువ్వు గాయపరిచినందుకు నీకు లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పుకోవాలి. మూడు ప్రతులు. ఒకటి నువ్వు దాచుకో. ఒకటి గాయపడిన పక్షానికి ఇచ్చి రసీదు తీసుకో. మూడోది ఫైలుకు."

నాయుడు క్షమాపణ రాసుకున్నాడు. తనకు తాను ఇచ్చుకుని, ముట్టినట్టు సంతకం చేశాడు. గాయపడిన పక్షం క్షమించిందో లేదో తెలపాలని మళ్లీ ఒక మెమో వచ్చింది. క్షమించినట్టు జవాబు ఇచ్చుకున్నాడు.

ఇంత జరిగాక ఇంకో ఆర్డరు వచ్చింది. పండగ గురించి తెలిసిన పెద్దలు ఎవరైనా ముఖ్య అతిథిగా రావాలట. నాయుడికి తండ్రి లేడు. ఉన్నది తల్లి అప్పలనర్సమ్మ. ఆ సాయంత్రం అతను ఇంటికెళ్లి, పెరట్లో ఆవుకు కుడితి పెడుతున్న ఆవిడ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

"ఇప్పుడు నిన్ను వేదిక ఎక్కించి అడుగుతారు. ఏటి సెప్తావమ్మా? ఉద్యోగం పోతాది."

అప్పలనర్సమ్మ కుడితి బకెట్టు కింద పెట్టింది. "అయితే ఆ రోజు ఎవులేటి అడిగినా లేదనకూడదా?"

"అనకూడదని రాసీసినాను."

"రేపు రమ్మనీ అనకూడదా?"

"అనకూడదు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నీ బుర్రకి ఇలాటిది తట్టిందంటే నాకు నమ్మకం కుదరడం లేదురా. మంచి పండగే ఇది. మీ అయ్య బతికుండగానే రాసుంటే నాకెంత సుఖంగా ఉండేది!" అని, "ఎన్నింటికి రమ్మన్నారు?" అంది.

పండగ రోజు వచ్చింది. పొద్దున్నే ఆఫీసుకు మావిడాకులు కట్టారు. ఇరవై ముగ్గురం తలకు తువ్వాళ్లు చుట్టుకున్నాం. ఎస్తేరు రాణి గారు అంబలి గిన్నెకు పసుపు రాసి ముగ్గులో పెట్టారు. అంతా సిద్ధమయ్యాక శేషశయనం గారికి ఒక విషయం గుర్తొచ్చింది. దులపడానికి సంచులు కావాలి. గోనెసంచుల అభివృద్ధి సంస్థలో ఖాళీ గోనెసంచి ఒక్కటి కూడా లేదు. స్టోర్సులో ఉన్నవి సీలు వేసిన నమూనాలు. వాటిని ముట్టుకోవాలంటే మూడు సంతకాలు కావాలి.

ఆయన నా వైపు తిరిగారు. "కామేశం గారూ, రికార్డు గదిలో సంచులు ఉన్నాయా?"

ఉన్నాయి. గోడల పొడవునా కప్పు దాకా ఉన్నాయి. ఆఫీసు పెట్టిన నాటి నుంచీ ఏ సీటులో మిగిలిపోయిన కాగితాలనైనా సంచుల్లో కట్టి నా గదిలో పడేయడం మా పద్ధతి. లేవని చెబుదామని నోరు తెరిచాను. వెనక గోడ మీద నిషేధాల బోర్డు వేలాడుతోంది. ఎదురుగా మేనేజింగ్ డైరెక్టర్ గారి కారు ఆగుతోంది.

"ఉన్నాయండి," అన్నాను.

మేనేజింగ్ డైరెక్టర్ గారు దిగారు. పొడుగ్గా, నూలు చీరలో, ప్రతిదానికీ "అద్భుతం" అనే ఆవిడ. అప్పలనర్సమ్మను ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు. శేషశయనం గారు అరగంట మాట్లాడారు. ధూళి నుంచి దివ్యత్వానికి పయనమే దులుపు అన్నారు. తర్వాత డప్పులు మోగాయి. ఇరవై ముగ్గురం తలా ఒక సంచి మూతి విప్పి, తలకిందులుగా పట్టుకుని, ఒక్కసారిగా దులిపాం.

ముందు దుమ్ము లేచింది. అందరం తుమ్ముతున్నాం. ఆ దుమ్ములోంచి కాగితాలు రాలడం మొదలైంది. తెల్లవి, పసుప్పచ్చవి, ఎలకలు అంచులు కొరికినవి, వేలిముద్రలు వేసినవి, కోర్టు స్టాంపులు అంటించినవి. ఎవరి కాళ్ల దగ్గర చూసినా అర్జీలే. ఆ సంచులు ఎవరి అధీనంలో ఉండేవో మీకు ముందే చెప్పాను. దీని మీద నేను ఎక్కువ మాట్లాడను.

డప్పులు విని రోడ్డు మీద పోయేవాళ్లు, అర్జీలతో వచ్చినవాళ్లు గేటు దగ్గర గుమిగూడారు. వాళ్లలోంచి గున్నయ్య లోపలికొచ్చాడు. పండగని తెలియదు, ఆయన రోజూ వచ్చేవాడే. కాగితాలు తొక్కకుండా అడుగులు వేసుకుంటూ తిన్నగా శేషశయనం గారి ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"బాబూ, నా పేరు దిద్దినారా?"

శేషశయనం గారి నోరు అలవాటు కొద్దీ 'లే' దాకా వచ్చి ఆగిపోయింది. పక్కన మేనేజింగ్ డైరెక్టర్ గారు ఫోను కెమెరా పట్టుకుని ఆనందంగా చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"పెద్దాయనా, తమరి అర్జీ క్రియాశీల పరిశీలనలో ఉన్నదనియు, తగు సమయమున తగు రీతిన..."

"ఆగండి బాబూ," అంది అప్పలనర్సమ్మ.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు, గొంతు పెంచలేదు. "పండగ పూట ఎన్ని మెలికలు తిప్పినా లేదన్నట్టే. అలా అన్న నోటికి ఏడాది పొడుగునా అంబలి తప్ప ఇంకేటీ దిగదని మా పెద్దలు సెప్పేవోరు."

"అద్భుతం!" అన్నారు మేనేజింగ్ డైరెక్టర్ గారు. "మరైతే ఏం చేయాలమ్మా?"

"ఏటుందమ్మా. అడిగింది సేసీడమే."

శేషశయనం గారు నాయుడి వైపు చూశారు. నాయుడు అప్పటికే నేల మీద మోకాళ్ల మీద కూర్చుని కాగితాలు వెతుకుతున్నాడు. గున్నయ్య అర్జీ దొరికింది. ఒకటి కాదు, అయిదు. ఎస్తేరు రాణి గారు తలకు తువ్వాలుతోనే కంప్యూటరు ముందు కూర్చుని కొత్త కార్డు కొట్టారు. శేషశయనం గారు సంతకం చేశారు. ముద్ర పడింది. గోడ గడియారం చూశాను. పదకొండు నిమిషాలు పట్టింది.

నాయుడు కార్డు తెచ్చి ఇచ్చాడు. గున్నయ్యకు చదువు రాదు. "ఏటని ఉంది బాబూ?"

"పడాల గున్నయ్య."

"మళ్లీ సెప్పు."

"పడాల గున్నయ్య, తాతా."

గున్నయ్య కార్డు మీద వేలితో తడిమాడు. "ఇంకొక్కపాలి సెప్పు బాబూ," అన్నాడు. నాయుడు నోరు తెరిచేలోగానే, పక్కనున్న మాధవన్ గారు తన మలయాళం యాసలో గట్టిగా చదివి వినిపించారు.

ఆ తర్వాత గేటు దగ్గరి జనం లోపలికొచ్చారు. ఇక ఎవరినీ ఆపడం కుదరలేదు, ఆపాలంటే కాదనాలి. మధ్యాహ్నం భోజనాలు లేవు, నిలబడే అంబలి తాగాం. సాయంత్రం ఆరున్నరకు లెక్క చూస్తే నూట ముప్ఫై ఏడు అర్జీలు తెమిలాయి. అందులో ఒకటి పందొమ్మిదేళ్ల నాటిది. పెట్టుకున్నాయన పోయాడు, కొడుకు వచ్చి తీసుకున్నాడు. ఇంటికెళ్లేటప్పుడు సత్తార్ గారు నాతో అన్నారు, "ఒళ్లంతా నొప్పులు కామేశం గారూ, కానీ ఎందుకో ఆకలి బాగా వేస్తోంది." నాకూ అలాగే ఉంది. మర్నాడు మధ్యాహ్నం పెద్ద వాన పడింది. అప్పటికి గున్నయ్య నార కొనుగోలు కేంద్రం గోదాములో ఉంది.

తర్వాతి వారం మా ఆఫీసుకు ఒక్క అర్జీదారు కూడా రాలేదు. చాలా ఇబ్బందిగా గడిచింది. పెండింగు పని లేని ఆఫీసు అసలు దేనికి అని పై నుంచి ఎవరో అడిగారట. శేషశయనం గారు కంగారుపడి, పండగ పవిత్రత దృష్ట్యా ఇకపై దానిని ఆదివారాలు మాత్రమే, ఆఫీసు మూసి ఉన్న సమయంలో జరపవచ్చునని ఒక ప్రతిపాదన తయారుచేశారు. సంప్రదాయ విరుద్ధం కాకుండా అప్పలనర్సమ్మ గారి అభిప్రాయం కోరారు. ఆవిడ చెబుతుంటే నాయుడు రాసిన జవాబు ఇప్పటికీ ఫైల్లో ఉంది.

"ఆదివారం దులిపితే అరిష్టం. అదీకాక మీరు పెద్ద దులుపుళ్లే చేసినారు. నెలనెలా బహుళ తదియకి చిన్న దులుపుళ్లని ఉంటాది, అది మర్చిపోయినారు."

మేనేజింగ్ డైరెక్టర్ గారు "అద్భుతం" అని దాని మీద రాసి ఆమోదించారు. పట్టికలో మా ఆఫీసు మొదటి స్థానానికి వెళ్లింది. శేషశయనం గారికి శాలువా కప్పి, సాంస్కృతిక సలహాదారుగా ప్రధాన కార్యాలయానికి తీసుకెళ్లారు. అక్కడ ఆయన ఆరోగ్యంగా ఉన్నారు. పోలినాయుడి ప్రొబేషన్ కూడా పూర్తయింది. ఆర్డరులో కారణం ఇలా ఉంది: 'అంతరించిపోతున్న ఒక సంస్కృతికి ఏకైక ప్రతినిధి అయినందున.'

ఏకైక అన్నది అప్పటికే తప్పు. మరుసటి ఏడాది మార్గశిరంలో నాయుడు సెలవు చీటీ పెట్టాడు. పండగకి ఊరెళ్లాలట. "మీరూ రండి కామేశం గారూ, అమ్మ రమ్మంది" అన్నాడు. ఆఫీసు దులుపుళ్లు మధ్యాహ్నానికే ముగించుకుని, బస్సెక్కి వెళ్లాను.

ఊరంతా సంచులే. ప్రతి గుమ్మం ముందూ, ప్రతి కంచె మీదా. పిల్లలు తలలకు తువ్వాళ్లు చుట్టుకుని ఇంటింటికీ తిరిగి బెల్లం అడుగుతున్నారు, ఎవరూ లేదనడం లేదు. గున్నయ్య, కన్నమ్మ కూడా పక్క ఊరి నుంచి వచ్చారట. ఆడవాళ్లంతా అరుగుల మీద కాళ్లు చాపుకుని కూర్చుని తాంబూలాలు వేసుకుంటున్నారు. మగవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. నాయుడి కోసం చూస్తే, పెరట్లో నూతి దగ్గర, పది మంది మగవాళ్లతో కలిసి గొంతుక్కూర్చుని అంట్లు తోముతున్నాడు. మోచేతుల దాకా బూడిద.

"ఇదెక్కడి ఆచారం నాయుడూ?" అన్నాను.

"నాకు తెలీదండీ!" అని అతను అరుగు వైపు తిరిగి అరిచాడు. "అమ్మా, ఇలాగని నేను ఫారంలో ఎక్కడా రాయలేదే!"

అప్పలనర్సమ్మ తాంబూలం బుగ్గన పెట్టుకుని వాడి వైపు జాలిగా చూసింది. "నిన్న మొన్న పుట్టినోడివి, పండగ గురించి నీకేటి తెల్సురా? అడుగంటిన డేగిసా అటేపుంది, ముందది తోము."

తర్వాత నేను అరుగు దగ్గరికి వస్తే, పక్కకు జరిగి చెయ్యి చూపించింది. నేను కూర్చోబోయేలోగా, "ఇక్కడ కాదు బాబూ, నూతి కాడ," అంది.

చొక్కా చేతులు పైకి మడిచి వెళ్లాను.